వానకు మొండికేసే పాత బండ్లు: బంకుల్లో నీటి పరీక్ష మన కళ్ళ ముందే జరగాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. నగరంలో గట్టి వాన పడిన మర్నాడు ఏ బస్తీ మెకానిక్ షాపు ముందు చూసినా పాత బండ్లు వరసగా నిలబడి ఉంటున్నాయి. స్ప్లెండర్లు, ప్యాషన్లు, సీడీ హండ్రెడ్లు, అక్కడక్కడా ఒక ఆర్‌ఎక్స్ హండ్రెడ్. ఏపీ 9, ఏపీ 11, ఏపీ 28 నంబర్లు ఇంకా మారనివి. వీటిలో ముచ్చటకు దాచుకున్నవి ఎన్నో ఉండవు. ఇబ్రహీంపట్నం వైపు నుంచి పాల క్యాన్లు తెచ్చేవాళ్ళు, బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి కూరగాయలు మోసుకెళ్ళేవాళ్ళు, ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు నడిపేవే ఎక్కువ. బండి ఒక పూట ఆగితే వీళ్ళకు ఆ పూట సంపాదన లేనట్టే.

మెకానిక్ ముందు ప్లగ్గు మారుస్తాడు. తర్వాత కాయిల్, సీడీఐ (స్పార్క్‌ను సమయానికి పుట్టించే ఎలక్ట్రానిక్ డబ్బా), ఆఖరికి విడిభాగాల బజారు పుత్లీబౌలి నుంచి కార్బొరేటర్ (పెట్రోలునూ గాలినీ కలిపే భాగం) కిట్టు. అప్పటికి బండి స్టార్ట్ అవుతుంది, రెండు రోజులు పోయాక మళ్ళీ మొదటికొస్తుంది. ఇందులో మెకానిక్ మోసం ఉందని నేననను. అతను చేతికి అందే భాగాలు చూస్తున్నాడు. ట్యాంకులో పోసిన పెట్రోలు సంగతి చూసే తీరిక ఎవరికీ లేదు.

పెట్రోలు మారింది. 2022 జూన్ నాటికి దేశంలో పెట్రోలులో సగటున 10 శాతం ఇథనాల్ (చెరకు, ధాన్యం లాంటి పంటల నుంచి తీసే ఆల్కహాల్) కలుస్తోందని కేంద్రం ప్రకటించింది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం కలిపిన పెట్రోలు అమ్మకం మొదలైంది. 2018 నాటి విధానంలో 2030కి పెట్టుకున్న ఆ లక్ష్యాన్ని 2025లోనే అందుకున్నారు. చెరకు రైతుకు, విదేశీ మారకానికి దీనివల్ల మేలు ఉందంటే కాదనను. కానీ ఇథనాల్‌కు నీళ్ళంటే మహా ప్రీతి. మామూలు పెట్రోలులో నీళ్ళు పడితే అడుగున విడిగా ఉండిపోతాయి. ఇథనాల్ కలిసిన పెట్రోలు కొంతవరకు ఆ నీళ్ళను తనలో కలుపుకుంటుంది. హద్దు దాటిందా, నీళ్ళూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. బండి ట్యాంకులో పెట్రోలు కాక్ (కుళాయి) లాగేది కూడా ఆ అడుగు నుంచే. అందులోనూ రిజర్వులో పెడితే మరీ కింది నుంచి లాగుతుంది. రిజర్వుకు తిప్పిన వెంటనే బండి దగ్గి ఆగిపోతోందంటే ముందు అనుమానించాల్సింది ప్లగ్గును కాదు.

పాత బండికి ఇంకో ఇబ్బంది ఉంది. కొత్త బండ్లలో సెన్సర్ చూసుకుని పెట్రోలు మోతాదు సరిచేస్తుంది. కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు. ఇథనాల్ మండడానికి గాలి తక్కువ చాలు, జెట్టు (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) మాత్రం పాత లెక్కలోనే పోస్తుంది. అంటే గాలి ఎక్కువై, మిశ్రమం పల్చబడుతుంది. పైగా ఇథనాల్ ఆవిరి కావడానికి ఎక్కువ వేడి కావాలి. పొద్దున్నే చల్లటి ఇంజిన్ ఒక పట్టాన అందుకోకపోవడానికి ఇది చాలు.

ఖర్చు పెట్టే ముందు ఎవరైనా ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. చోక్ వేసి నాలుగైదు కిక్కులు కొట్టినా అందుకోకపోతే ప్లగ్గు విప్పండి. పొడిగా ఉంటే పెట్రోలు లోపలికి రావడం లేదు: కాక్, పైపు, జెట్టు చూడాలి. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, మండడం లేదు. ప్లగ్గును తుడిచి, క్యాప్‌కు తగిలించి, ఇంజిన్ హెడ్‌కు ఆనించి కిక్ కొడితే నీలం రంగు స్పార్క్ కనిపించాలి. (పెట్రోలు కారిన చోట ఈ పని వద్దు. వద్దన్నా చేసేవాళ్ళు ఉన్నారు కాబట్టి రాస్తున్నాను.) స్పార్క్ బాగుంటే కార్బొరేటర్ బౌల్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, కారేదాన్ని తెల్ల గాజు సీసాలో పట్టండి. కాసేపు కదపకుండా ఉంచితే రెండు పొరలుగా విడిపోయిందో లేదో కళ్ళకే తెలుస్తుంది. విడిపోతే ట్యాంకు మొత్తం ఖాళీ చేసి కడిగించాల్సిందే. కొత్త ప్లగ్గు కొన్నా దండగే.

నీళ్ళు కనిపించగానే బంకు మీదకు పోవడమూ తగదు. ట్యాంకు మూత రబ్బరు ఎండి పగిలినా, మూత చుట్టూ నీళ్ళు పోయే రంధ్రం మట్టితో పూడినా, ఆరుబయట నిలిపిన బండిలోకి వాననీళ్ళు దిగుతాయి. మూత బాగుండి, పెట్రోలు పోయించుకున్న వెంటనే బండి ఆగిందంటే అప్పుడు బంకును అడగాలి.

అక్కడే వస్తోంది చిక్కు. ఫిల్టర్ పేపర్ పరీక్ష, డెన్సిటీ (సాంద్రత) పరీక్ష, ఐదు లీటర్ల కొలత అడిగే హక్కు మనకు ఉంది. ఫిల్టర్ పేపర్ మీద మరక మిగిలితే కల్తీ అనుమానించవచ్చు గానీ, ఇథనాల్ ఎంతో అది చెప్పదు. భూమిలోని ట్యాంకులో నీళ్ళున్నాయా అని కొలకర్రకు నీళ్ళు తగిలితే రంగు మారే పేస్టు రాసి ముంచి చూస్తారు. పాత రకం పేస్టు ఇథనాల్‌తో కలిసిన నీళ్ళను సరిగా పట్టుకోదు, దానికి వేరే పేస్టు కావాలి. మన బంకుల్లో వాడుతున్నది ఏదో వినియోగదారుడికి తెలిసే దారి లేదు. మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద, లక్డీకాపూల్‌లో వాన పడితే నీళ్ళు ఎంత నిలుస్తాయో అందరికీ తెలుసు. అలాంటి పల్లపు చోట్ల భూమిలో ఉన్న ట్యాంకుల సంగతి ఏమిటి?

అందుకే పౌర సరఫరాల శాఖ, తూనికలు కొలతల శాఖ, చమురు కంపెనీలు వానాకాలం దాకా ఆగకుండా ఒక పని చేయాలి. పెద్ద వాన పడిన మర్నాడు అమ్మకం మొదలుపెట్టే ముందే ఇథనాల్‌కు సరిపోయే పేస్టుతో నీటి పరీక్ష చేయించాలి. ఫలితాన్ని డెన్సిటీ రాసే బోర్డు మీదే రాయించాలి. ఇథనాల్ శాతాన్నీ అక్కడే పెద్ద అక్షరాల్లో రాయాలి. కొలత గాజు గొట్టంలో పెట్రోలూ నీళ్ళూ సమానంగా పోసి ఊపితే, ఇథనాల్ నీళ్ళలోకి దిగి కింది పొర పెరుగుతుంది. ఎంత పెరిగిందో చూస్తే ఇథనాల్ ఎంతో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ఐదు నిమిషాల పని. అడిగినవాళ్ళకు ఇది చేసి చూపించేలా ఆదేశాలివ్వాలి.

ఇథనాల్ లేని పెట్రోలు కూడా అమ్మాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న కొట్టేసింది. దాన్ని మళ్ళీ తవ్వడం లేదు. అయితే 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన ప్రణాళికలోనే పాత వాహనాల కోసం 10 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలును అందుబాటులో ఉంచాలన్న మాట ఉంది. పాత వాహనాల్లో కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు ముందే మార్చాల్సి రావచ్చని పెట్రోలియం శాఖ కూడా ఒప్పుకుంది. ఖర్చు తక్కువేనని దాని వాదన. నెలకు పదిహేను వేలు సంపాదించేవాడికి ఏది తక్కువో శాఖ ఎలా తేల్చిందో మరి. నగరానికి నాలుగు దిక్కులా కనీసం ఒక్కో బంకులోనైనా 10 శాతం ఇథనాల్ పెట్రోలు అమ్మే వీలుందో లేదో రాష్ట్ర ప్రభుత్వం కేంద్రాన్ని అడగాలి.

అప్పటిదాకా, పెట్రోలు పోయించుకున్నాక రసీదు తీసుకోండి. బండి ఆగితే సీసాలో పట్టిన నమూనాను పారబోయకండి. బంకులో ఫిర్యాదు పుస్తకం అడిగి అందులో రాయండి, పుస్తకం ఇవ్వకపోతే 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మూసారాంబాగ్, హైదరాబాద్