మా స్టార్ కిట్‌లో వచ్చిన లైట్ల గురించి

అందరికీ వందనాలు. నరసాపురం నుంచి మా క్రిస్మస్ స్టార్ కిట్ తెప్పించుకున్న ప్రతి ఇంటికీ ఇది రాస్తున్నాను. ముందు చేయాల్సిన పని చెప్తాను. కిట్‌లో ఉన్న లైట్ల తీగ చివర చిన్న తెల్ల డబ్బా ఉంటుంది. తీగతో సహా దాన్ని ఇప్పుడే పిల్లలకి అందకుండా తీసేయండి. అందులో రెండు బటన్ సెల్స్, అంటే నాణెంలా గుండ్రంగా ఉండే చిన్న బ్యాటరీలు ఉన్నాయి. పుల్లలు, కాగితం, లేసు, మిగతావన్నీ నిశ్చింతగా వాడుకోవచ్చు.

నవంబరు 20 నుంచి ఇప్పటిదాకా 212 కిట్లు పంపాం. అన్నిట్లోనూ ఇదే తీగ.

మొన్న శనివారం రాత్రి మా పాప నా పక్కనే చాప మీద కూర్చుని వెదురు పుల్లలు లెక్కపెడుతోంది. తనకి మూడున్నరేళ్లు. పది పొడుగువి, ఐదు పొట్టివి. పొడుగు పుల్లలు ఐదేసి కట్టి రెండు చుక్కలు చేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి కొసలు దారంతో కట్టేస్తాం. మధ్యలో పొట్టి పుల్లలు నిలబెట్టగానే స్టార్‌కి పొట్ట వస్తుంది. "అమ్మా, గాలి పీల్చుకుంది!" అని ప్రతిసారీ చప్పట్లు కొడుతుంది. నేను మైదా జిగురు గిన్నె కడగడానికి పెరట్లోకి వెళ్లాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. వచ్చేసరికి డబ్బా మూత నేల మీద ఉంది. ఒక సెల్ పాప చేతిలో ఉంది. రెండోది లేదు. నోరు తెరిపించి చూశాను, గౌను దులిపాను, చివరికి చాప కింద దొరికింది. అది కంటపడేదాకా నా కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఆ మూతకి స్క్రూ లేదు. గోటితో నెడితే జరిగిపోతుంది. సరుకు తీసుకునేటప్పుడు వెలుగు చూశాను, తీగ పొడవు చూశాను, మూత చూడలేదు. తప్పు నాదే. మీ అందరికీ క్షమాపణ చెప్తున్నాను.

ఎందుకింత టెన్షన్ పడుతున్నానంటే, ఆ సెల్ మీద 2032 అని ఉంటుంది. అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. పిల్లల అన్నవాహికలో ఇరుక్కోవడానికి సరిపోయే సైజు. అక్కడి తడికి కరెంటు పారి, క్షారం పుట్టి, రెండు గంటల్లోనే లోపలి పొర కాలిపోతుంది. సెల్ పగలక్కర్లేదు, కారక్కర్లేదు. లైటు వెలగని పాత సెల్‌తో కూడా ఈ ప్రమాదం ఉంది. మింగిందేమో అన్న అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించొద్దు, కాసేపు చూద్దాంలే అని ఆగొద్దు, వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. తీసేసిన సెల్స్‌కి రెండు వైపులా టేపు చుట్టి, పిల్లల చెయ్యి తగలని చోట పారేయండి.

సోమవారం నుంచి 212 ఇళ్లకీ కొత్త లైట్లు కొరియర్‌లో పంపుతున్నాం. మీరు డబ్బు కట్టక్కర్లేదు, పాతవి తిరిగి పంపక్కర్లేదు. కొత్తవి గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్స్‌తో పనిచేస్తాయి, మూతకి స్క్రూ ఉంటుంది. స్క్రూ మాత్రం పెద్దవాళ్లే బిగించండి. కొందరు ప్లగ్‌లో పెట్టే బల్బు ఇవ్వమని అడిగారు. అది ఇవ్వను. మా నాన్న కొబ్బరిచెట్టుకి కట్టిన స్టార్‌లో జీరో బల్బు ఉండేది. పేరుకే జీరో గానీ అది 15 వాట్ల దాకా లాగుతుంది. కొత్త సంవత్సరం వచ్చేసరికి బల్బు చుట్టూ కాగితం గోధుమరంగుకి తిరిగిపోయేది.

జిగురు గురించి కూడా చెప్పాలి. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలపడం మా ఇంట్లో పాత అలవాటు. అత్తయ్య ఈసారి కూడా "చిటికెడు వెయ్యవే" అన్నారు. అది విషం, పిల్లలు వేళ్లు నాకుతారు, అందుకే వేయలేదు. కిట్‌లో వట్టి మైదానే ఉంది. ఏ రోజుకి ఆ రోజు కాచుకోండి.

ఇకపై ఆర్డర్ చేసే కిట్ ధర 40 రూపాయలు పెరుగుతుంది. లైట్ల ఖర్చు అది. అంచుకి కట్టే లేసు అల్లే అక్కచెల్లెళ్ల కూలిలో మాత్రం ఒక్క రూపాయి తగ్గించను. ఆర్డర్లు డిసెంబరు 14 దాకానే. తర్వాత తీసుకుంటే పండగలోపు చేరుతుందని మాట ఇవ్వలేను. పశువుల పాక కిట్ ఈ ఏడాది చేయలేకపోతున్నాం. దానికి కిట్ అవసరం కూడా లేదు. అట్టపెట్టె, గుప్పెడు వరిగడ్డి, దూది ఉంటే చాలు. మా పాప నాలుగు గొర్రెలు చేసింది. అన్నిటికంటే బొద్దుగా ఉన్నదాన్ని బాలయేసు పక్కన పడుకోబెట్టింది, చలేస్తుందని.

మా వరండాలో స్టార్ ఇప్పుడు లైటు లేకుండానే వేలాడుతోంది. "జ్ఞానులకి దారెలా తెలుస్తుందమ్మా?" అని పాప రోజూ సాయంత్రం అడుగుతోంది. ముందు అందరి ఇళ్లకీ లైట్లు పంపాక మన స్టార్ వెలిగిద్దాం అని చెప్పాను. సరే అంది.