దుర్గం మీద మేకల పెద్దాయనకు

మూడు రాత్రులుగా సరిగ్గా నిద్ర లేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి. మా కుక్క కర్రిగాడు బతికాడు. ఈ పొద్దున నాలుగు ముద్దలు పెరుగన్నం తిన్నాడు.

ఆదివారం వాణ్ణి తీసుకుని ఉదయగిరి దుర్గం ఎక్కాను. కొండ అంచు వెంబడి బండల మీద నడుస్తుంటే కోతి కనబడింది. తాడు లాగేసుకుని దూకాడు, రెండు బండల మధ్య సందులో పడ్డాడు. రాయలవారంతటివారు నెలల తరబడి ముట్టడి వేసి 1514లో గెలిచిన కోట అది. మావాడు అర నిమిషంలో ఓడిపోయాడు. ఇప్పుడంటే నవ్వొస్తోంది గానీ, అప్పుడు బండ మీద బోర్లా పడుకుని పేరు పెట్టి అరవడం తప్ప ఏమీ చేయలేకపోయాను. చెయ్యి అందలేదు.

ఆ అరుపులకే వచ్చారు పెద్దాయన. డెబ్బై ఏళ్ళుంటాయేమో. "గమ్మునుండు అబ్బయ్యా, నువ్వు అరిస్తే అది ఇంకా బెదురుతాది" అని నన్ను పక్కకి జరిపి, ఒత్తిగిలి ఆ సందులోకి జారారు. తలగుడ్డ వాడి పొట్ట కింద కట్టి, కొస దోటికర్రకి ముడేసి నాకందించారు. నేను లాగుతుంటే ఆయన కింద నుంచి ఎత్తారు. ఎత్తుతున్నంతసేపూ "అయిపోయింది నాయనా, అయిపోయింది" అంటూనే ఉన్నారు. నాతో కాదు, వాడితో.

నా నీళ్ళు అప్పటికే అయిపోయాయి. ఆయన తన సీసా తీసి వాడి నోట్లో కాస్త పోసి, మిగతావన్నీ పొట్టకీ పాదాలకీ తడిపారు. కుక్కలకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, ఆ తడి లేకపోతే వడదెబ్బకే పోయేదని తర్వాత డాక్టరు చెప్పారు. సీసా ఖాళీ అయ్యాక గానీ నాకు తట్టలేదు, అవి సాయంత్రం దాకా ఆయన తాగాల్సిన నీళ్ళని. అక్కడే కూలబడి ఏడ్చేశాను.

మెట్ల దాకా భుజాన మోసుకొచ్చి దించారు. డబ్బు తీయబోతే "మేకలు యాడికి పోయినాయో ఏమో" అంటూ వెనక్కి ఎక్కేశారు. పేరు కూడా అడగలేదు నేను. ఆ తలగుడ్డ ఇంకా మా దండెం మీదే ఉంది.

మొదట వెళ్ళిన పశువుల ఆసుపత్రిలో డాక్టరు మీటింగుకి వెళ్ళారట, ఎక్స్‌రే లేదట. "కుక్కే కదా, రేపు తీసుకురండి" అన్నారు. కాలు విరిగి మూలుగుతుంటే రేపేంటండీ? గేదెకైతే అలా అంటారా? కాలికి ప్లేటు వేయించడానికి దాదాపు వంద కిలోమీటర్లు నెల్లూరు దాకా పోవాలా?

బావమరిది కారు తెచ్చాడు, అక్క రాత్రంతా కూర్చుంది. వాళ్ళకి ఇంట్లో చెప్పుకుంటాను.

మర్చిపోయాను, కాలికి అట్టముక్క కట్టిన టీకొట్టు కుర్రాడికి, నెల్లూరులో రాత్రి తొమ్మిదింటికి క్లినిక్ మళ్ళీ తెరిచిన డాక్టరమ్మకి దండాలు. కుక్కని ఎక్కించుకున్న ఆటో అన్నకి కూడా, సీటు పాడైనా ఏమీ అనలేదు.

ఇంకొకరు, దారిలో పాలు పోసిచ్చిన ఆవిడ. అమ్మా, మీ స్టీలు గిన్నె మా కారులోనే ఉండిపోయింది.