హద్దురాళ్ల కంటే ముందు మత్తడి ఎత్తు రాయండి

సంపాదకుడు గారికి,

మన ఓరుగల్లులో చెరువుల ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం) హద్దుల మీద ప్రతి వానాకాలం గొడవే. రాళ్లు పాతుతారు, అవి మాయమవుతాయి, మళ్లీ పాతుతారు. అసలు ఎఫ్‌టీఎల్ అంటే గీత కాదు, ఒక ఎత్తు. మత్తడి (చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే అలుగు) అంచు ఏ మట్టంలో ఉందో ఆ మట్టానికి నీళ్లు ఎక్కడిదాకా నిలుస్తాయో అదే హద్దు.

శిఖం (చెరువులో నీళ్లు నిలిచే భూమి) వైపు నేల వాలు చాలా తక్కువ. 200 మీటర్లకు ఒక మీటరు వాలున్న చోట మత్తడిని 15 సెంటీమీటర్లు చెక్కేస్తే నీటి అంచు 30 మీటర్లు లోపలికి జరుగుతుంది. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకు 2012 నాటి భవన నిబంధనల జీవో 168 పెట్టిన బఫర్ (హద్దు బయట కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగా) కూడా 30 మీటర్లే. గడ్డపారతో ఒక రాత్రి పని!

సర్వేలోనూ తప్పులున్నాయి. ఎండాకాలం ఉపగ్రహ చిత్రంలో నీళ్లున్నంత మేరే చెరువని గీస్తారు. జీపీఎస్ చూపే ఎత్తు సముద్రమట్టం నుంచి కొలిచింది కాదు. మన దగ్గర ఆ రెండింటికీ పదుల మీటర్ల తేడా. సర్వే ఆఫ్ ఇండియా బెంచ్‌మార్క్ (సముద్రమట్టం నుంచి ఎత్తు ముందే తేల్చి పెట్టిన గుర్తు) నుంచి ఆటో లెవల్‌తో (ఎత్తుల తేడా కొలిచే పరికరం) మత్తడి దాకా వచ్చి, తిరిగి అదే బెంచ్‌మార్క్‌కు వెళ్లి లెక్క సరిపోయిందో లేదో చూసుకోవాలి. మొరం పోసి లేపిన ప్లాట్లు కాంటూరులో (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) చెరువు బయట ఉన్నట్టే వస్తాయి. అక్కడ పాత టిప్పన్ (సర్వే నంబరు కొలతల పటం), ఊరి నక్షా తీయాలి. అనుమానముంటే గుంత తవ్వి చూడాలి, మొరం కింద ఒండ్రు దాగదు.

రెవెన్యూ వాళ్లకు శిఖం సర్వే నంబర్లే చెరువు, ఇరిగేషన్ వాళ్లకు కాంటూరు. నిండినప్పుడు నీళ్లు పక్క పట్టాల్లోకీ వస్తాయి. నీళ్లు దిగాక పట్టాదారు అక్కడ సాగు చేసుకోవచ్చు, ఇళ్ల ప్లాట్లు మాత్రం చేయకూడదు. పటంలో ఆ భూమిని వేరే రంగులో చూపకపోతే అభ్యంతరాలన్నీ అక్కడే ముడిపడతాయి. మత్తడి దూకే రోజు నీళ్లు ఎక్కడిదాకా లేస్తాయో ఆ గీత కూడా కావాలి. 2023 జులైలో హనుమకొండ కాలనీల్లోకి వచ్చిన వరద ఎఫ్‌టీఎల్ రాళ్లను చూసి ఆగలేదు.

కాబట్టి ప్రతి చెరువు నోటిఫికేషన్‌లో మత్తడి ఎత్తు సెంటీమీటర్లతో సహా, ఏ బెంచ్‌మార్క్ నుంచి కొలిచారో, ఒక్కో రాయి అక్షాంశ రేఖాంశాలు ఏమిటో అచ్చు వేయాలి. ఏటా మిరుగుకు ముందు మత్తడిని మళ్లీ కొలిచి, ఆ అంకెను తూము గోడ మీద రంగుతో రాయాలి.

— చెరువుల సర్వే పని తెలిసిన పాఠకుడు, హనుమకొండ