ఒక్కసారి తీరిన అప్పు

సంపాదకులకు నమస్కారం.

దేశాల అప్పుల మాట వస్తే చాలు, "తీరే బాకీలా అవి?" అనేస్తాం. అమెరికాలో ఒకసారి తీరింది, 1835 జనవరిలో.

స్వాతంత్ర్య యుద్ధం మిగిల్చిన అప్పు 1791 నాటికి సుమారు ఏడున్నర కోట్ల డాలర్లు. రాష్ట్రాల బాకీలనూ కేంద్రమే నెత్తికెత్తుకోవాలన్నాడు ఆర్థికమంత్రి హామిల్టన్. తన బాకీ చాలావరకు తీర్చేసుకున్న వర్జీనియా రాష్ట్రం మండిపడింది. రాజధానిని తన సరిహద్దులోని పొటోమాక్ నది ఒడ్డున కడతామన్నాక మెత్తబడింది (బేరసారాలు అప్పుడూ ఉన్నాయన్నమాట!). నన్ను బాధించేది మాత్రం సైనికుల సంగతి. జీతాలకు బదులు ఇచ్చిన రుణపత్రాలను పూట గడవక చాలామంది కారుచౌకగా అమ్ముకున్నారు. తీరా ప్రభుత్వం పూర్తి విలువ కట్టేసరికి లాభం కొన్నవాళ్లకే దక్కింది.

బ్రిటన్‌తో జరిగిన 1812 యుద్ధం తర్వాత అప్పు 12 కోట్లు దాటింది. దాన్ని తీర్చినవి దిగుమతి సుంకాలు, ప్రభుత్వ భూముల అమ్మకాలు. ఆ భూములేమో ఆదివాసుల నుంచి లాక్కున్నవే. అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ హయాంలో లెక్క సున్నాకు చేరింది. మిగులు సొమ్మును రాష్ట్రాలకు పంచడం మొదలుపెట్టారు. అది పూర్తికాకముందే 1837లో బ్యాంకులు చేతులెత్తేశాయి, ఖజానా మళ్లీ అప్పుకు బయల్దేరింది.

– ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, తెనాలి