జాతి పేరు చూసి కుక్కలను వీధిపాలు చేయవద్దు

సంపాదకులకు నమస్కారం.

ఎనిమిది నెలల కిందట మేము నగర శివార్లలోని ఒక జంతు సంరక్షణ కేంద్రం నుంచి పిట్‌బుల్ సంకరమైన ఆడకుక్కను దత్తత తెచ్చుకున్నాం. రొమ్ము మీద తెల్లమచ్చ ఉన్నందున ‘చుక్క’ అని పేరు పెట్టుకున్నాం. ఎవరో రాత్రివేళ దానిని కేంద్రం గేటుకు కట్టేసి వెళ్లిపోయారనీ, అప్పటికే గొలుసు ఒరుసుకుని మెడ పుండు పడి ఉందనీ అక్కడివారు చెప్పారు.

2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ పిట్‌బుల్ సహా 23 జాతుల కుక్కలనూ వాటి సంకరాలనూ నిషేధించాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. సంబంధితులను సంప్రదించలేదన్న కారణంతో కర్ణాటక హైకోర్టు ఆ ఏప్రిల్‌లోనే దానిని కొట్టివేసింది. అయినా ఆ జాబితా వాట్సాప్‌లో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. దానినే చూపించి మా అపార్ట్‌మెంట్ సంఘం చుక్కను పంపించేయమన్నది. పెంపుడు కుక్కలను నివాస సంఘాలు నిషేధించరాదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చిందని వారికి వివరించవలసి వచ్చింది.

ఇరుగుపొరుగు భయాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. 2022 జూలైలో లక్నోలో పెంపుడు పిట్‌బుల్ కరిచి ఒక వృద్ధురాలు మరణించడం నాకు గుర్తుంది. అంత బలమైన దవడ ఉన్న కుక్కను పెంచేవారు మిగతావారికంటే ఎక్కువ జాగ్రత్తగా ఉండి తీరాలి. అందుకే సంరక్షణ కేంద్రంవారు మాకు దానిని వెంటనే ఇవ్వకపోవడం నాకు నచ్చింది. వరుసగా మూడు ఆదివారాలు మమ్మల్ని పిలిపించి, మా చేతులతోనే అన్నం పెట్టించి, ఇల్లు చూసి, పసిపిల్లలు లేరని తెలుసుకుని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన తరువాతే అప్పగించారు. మొదటి మూడు వారాలు అది మంచం కింద నుంచి బయటికి రాలేదు, మేమూ లాగలేదు. ఇప్పటికీ జనం రాకముందే, తెల్లవారుజామున ఐదింటికి బీచ్ రోడ్డుకు తీసుకువెళతాం, లిఫ్టులో మూతికి చిక్కం కడతాం, రేబిస్ టీకా ఏటా వేయిస్తాం, మనవలు వచ్చినప్పుడు వారి దగ్గర దానిని ఒంటరిగా వదలం. మావారి పాదాల మీద గడ్డం ఆనించి పడుకునే ఈ కుక్కకు తోడు, ఓర్పు తప్ప మరేమీ అక్కరలేదని తెలిసినా, ఈ నియమాలలో ఒక్కటి కూడా మానలేదు.

పైగా సంకర కుక్కలలో చాలావాటిని తల వెడల్పు చూసి పిట్‌బుల్ అంటున్నామే తప్ప, వాటి తల్లిదండ్రులెవరో ఎవరికీ తెలియదు. కంటిచూపుతో వేసిన ఇలాంటి అంచనాలు జన్యు పరీక్షల్లో తరచు తప్పని తేలుతున్నాయి.

పెంపుడు జంతువును కారణం లేకుండా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం. కానీ మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు మాత్రమే! చుక్కను గేటుకు కట్టినవారెవరో తెలియనే లేదు, తెలిసినా పడే శిక్ష అంతే. జరిమానా పెంచడం పార్లమెంటు చేతిలోని పని. మహా విశాఖ నగర పాలక సంస్థ మాత్రం ప్రతి పెంపుడు కుక్కకూ చర్మం కింద మైక్రోచిప్ వేయించి, యజమాని పేరు, టీకా, ఆపరేషన్ వివరాలను లైసెన్సుతో కలిపి నమోదు చేస్తే, వదిలేసినవారిని గుర్తించడమైనా సాధ్యమవుతుంది. కమిషనర్ గారు ఈ విషయాన్ని పరిశీలించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం