పాటుర్సన్ సంగతులు

ఒరేయ్ రఘూ,

ఎలా ఉన్నావురా? మొన్న ఫోన్‌లో సగం చెప్పి వదిలేసిన పాటుర్సన్ కథ మొత్తం రాయమన్నావుగా. ఇవాళ తీరిక దొరికింది, కూర్చున్నాను. ఉత్తరం పొడుగైపోతుంది, టీ పెట్టుకుని చదువు.

మనిషి పేరు యోవన్నెస్ పాటుర్సన్, తన దీవుల భాష కోసం, స్వపరిపాలన కోసం పోరాడిన నాయకుడు. 1866లో ఫారో దీవుల్లో చిర్చుబోవుర్ అనే పల్లెటూళ్లో పుట్టాడు. ఐస్‌లాండ్‌కీ స్కాట్లాండ్‌కీ మధ్య సముద్రంలో ఉన్న 18 దీవులవి. డెన్మార్క్ రాజు ఏలుబడిలో ఉండేవి. ఇప్పటికీ అక్కడి జనాభా 50 వేల పైచిలుకే. ఆయన కుర్రాడిగా ఉన్నప్పుడు అందులో నాలుగో వంతు కూడా ఉండేవాళ్లు కాదు. గొర్రెలు, చేపలు, ఎప్పుడూ గాలీ వానా, అదీ అక్కడి బతుకు.

వాళ్ల ఇల్లు నేను చూశాను. తారు పూసిన నల్లటి చెక్క గోడలు, ఎర్రటి కిటికీలు, పైకప్పు మీద ఏపుగా పెరిగిన గడ్డి. లోపల పొయ్యి ఉండే పాత గదిని రోయ్క్‌స్తోవా అంటారు. బారెడు దుంగలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టారు. ఆ దీవుల్లో కలపకి పనికొచ్చే చెట్లు ఉండవు, ఈ దుంగలు నార్వే నుంచి సముద్రంలో కొట్టుకొచ్చాయని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. గడప దాటితే ఎదురుగా సముద్రం, దాని మీద హెస్తుర్, కోల్తుర్ దీవులు. చిర్చుబోవుర్ ఒకప్పుడు బిషప్ ఉన్న చోటు. ప్రొటెస్టెంట్ మతం వచ్చాక చర్చి భూములన్నీ రాజువైపోయాయి. 16వ శతాబ్దం నుంచి పాటుర్సన్‌ల కుటుంబం తరతరాలుగా ఆ భూమికి రాజుగారి కౌలుదార్లు. ఇప్పటికీ ఆ కుటుంబమే అక్కడ ఉంటోంది. కౌలు పెద్దకొడుక్కి దక్కుతుంది, అలా యోవన్నెస్‌కి వచ్చింది. ఈ భూమి సంగతి గుర్తుపెట్టుకోరా, తర్వాత మళ్లీ వస్తుంది.

ఆ రోజుల్లో బళ్లో, చర్చిలో, కోర్టులో అన్నిచోట్లా డేనిష్ భాషే. ఫారో భాష ఇంట్లో మాట్లాడుకోవడానికీ, చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడుతూ పాత వీరగాథలు పాడుకోవడానికీ పరిమితం. దానికి స్థిరమైన రాత పద్ధతి ఏర్పడిందే 1846లో. ఇలా ఉండగా 1888 డిసెంబరులో అక్కడి పత్రికలో ఒక ప్రకటన పడింది. క్రిస్మస్ మర్నాడు రాజధాని తోర్షావ్న్‌లో లొగ్టింగ్ భవనానికి అందరూ రండి, మన భాషనీ మన ఆచారాల్నీ ఎలా కాపాడుకోవాలో మాట్లాడుకుందాం అని. లొగ్టింగ్ అంటే వాళ్ల సభ. 1816లో డెన్మార్క్ దాన్ని రద్దు చేసి, 1852లో మళ్లీ పెట్టింది, అదీ సలహాలు చెప్పడానికే. ఆ క్రిస్మస్ సభలో రాస్మస్ ఎఫర్సో అనే కవి లేచి ఒక పద్యం చదివాడు. మన భాష కోసం నడుం కట్టాల్సిన వేళ వచ్చిందంటూ మొదలయ్యే ఆ పద్యం రాసింది మన పాటుర్సన్. అప్పటికి వయసు 22! ఆ సభ నుంచే ఫారో జాతీయోద్యమం మొదలైందని వాళ్ల చరిత్ర పుస్తకాలు రాస్తాయి.

పెళ్లి చేసుకున్నది ఐస్‌లాండ్ అమ్మాయిని, పేరు గుద్నీ. ఐస్‌లాండ్ కూడా డెన్మార్క్ కిందే ఉండి మెల్లగా ఒక్కో అధికారం సంపాదించుకుంటున్న కాలం అది. ఆ ఇంటి ఆడవాళ్లూ తక్కువేం కాదురోయ్. ఆయన అక్క సుసన్నా హెలెనా ఫారో భాషలో నాటకాలు రాసింది, ఆడవాళ్ల కోసం పత్రిక నడిపింది.

1901లో పాటుర్సన్ డెన్మార్క్ పార్లమెంటుకి ఎన్నికయ్యాడు, లొగ్టింగ్‌లోనూ చేరాడు. కొత్తగా వచ్చిన డేనిష్ ప్రభుత్వంతో మాట్లాడి, లొగ్టింగ్‌కి సొంత ఆదాయం, కొంత అధికారం ఇచ్చే ప్రతిపాదన తెచ్చాడు. నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. అంత కష్టపడి తెచ్చినదాన్ని సొంత జనమే వద్దన్నారు. పన్నులు పెరుగుతాయేమో, డెన్మార్క్ డబ్బు ఆగిపోతుందేమోనని టెన్షన్. 1906 ఎన్నికల్లో ప్రత్యర్థి ఓలివర్ ఎఫర్సో చేతిలో పార్లమెంటు సీటు పోయింది. ఆ గొడవలోంచే రెండు పార్టీలు పుట్టాయి. డెన్మార్క్‌తోనే ఉందామనేవాళ్లది ఒకటి, పాటుర్సన్‌ది స్వపరిపాలన పార్టీ. చేతికొచ్చిన అవకాశం పోయాక నేనైతే గొర్రెలు కాసుకుంటూ కూర్చునేవాణ్ణి. ఆయన లొగ్టింగ్‌లోనే ఉండి పోరాడాడు, తర్వాత డెన్మార్క్ ఎగువ సభకీ వెళ్లాడు.

బడి భాష విషయంలో 1912లో పెద్ద దెబ్బ తగిలింది. పెద్ద తరగతుల్లో బోధన డేనిష్‌లోనే జరగాలని నిబంధన పెట్టారు. దాన్ని తీసేయించడానికి 1938 దాకా పట్టింది. అప్పటికి పాటుర్సన్‌కి 72 ఏళ్లు. 22 ఏళ్లప్పుడు రాసిన పద్యానికి బడిలో చోటు దొరకడానికి యాభై ఏళ్లు పట్టిందన్నమాట.

ఇప్పుడు భూమి సంగతి. 1930లలో రాజుగారి భూములు విడగొట్టి పేదలకి ఇవ్వాలన్న సంస్కరణ వచ్చింది, ఆయన పార్టీ దాన్ని సమర్థించింది. పెద్ద కౌలుదారైన పాటుర్సన్ ఒప్పుకోలేదు. తాను పెట్టిన పార్టీ నుంచే బయటికొచ్చి, వ్యాపారుల పార్టీతో కలిసి ఫోల్కాఫ్లోక్కురిన్ (అంటే ప్రజా పార్టీ) అనే కొత్త పార్టీ పెట్టాడు. ఈ ఒక్క చోట నాకు ఆయనతో పేచీ ఉందిరా. జనం కోసం జీవితమంతా ఇచ్చిన మనిషి, అదే జనానికి నాలుగు ఎకరాలు ఇవ్వడానికి ఎందుకు అడ్డుపడాలి?

1940 ఏప్రిల్‌లో జర్మనీ డెన్మార్క్‌ని ఆక్రమించగానే బ్రిటిష్ సైన్యం ఫారోలో దిగింది. ఆ నెలలోనే ఫారో ఓడలు సొంత జెండా ఎగరేయొచ్చని బ్రిటన్ ఒప్పుకుంది. డెన్మార్క్‌తో సంబంధాలు తెగిపోవడంతో దీవులు తమ పనులు తామే చక్కబెట్టుకున్నాయి. యుద్ధం అయ్యాక పాత పద్ధతికి వెళ్లడం చాలామందికి ఇష్టం లేకపోయింది. 1946 సెప్టెంబర్ 14న ఓటింగ్ పెట్టారు, డెన్మార్క్ ఇస్తానన్న ఏర్పాటు కావాలా, విడిపోవాలా అని. విడిపోదామన్నవాళ్లు 5,660 మంది, వద్దన్నవాళ్లు 5,499. తేడా 161 ఓట్లు!

పాటుర్సన్ ఆ ఆగస్టు 2నే పోయాడురా. ఇంకో ఆరు వారాలు బతికుంటే చూసేవాడు. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

అయితే ఆ తర్వాత జరిగింది చూడకపోవడమే మంచిదయ్యిందేమో. లొగ్టింగ్ స్వాతంత్ర్యం ప్రకటించగానే రాజు సభని రద్దు చేశాడు. కొత్త ఎన్నికల్లో డెన్మార్క్‌తో ఉందామనేవాళ్లకే మెజారిటీ వచ్చింది. చివరికి 1948లో స్వపరిపాలన దగ్గర రాజీ కుదిరింది, ఇప్పటికీ దాని కిందే నడుస్తోంది. కొడుకు ఎర్లెండుర్ ఆ రాజీని ఒప్పుకోలేదు. జాలర్ల సంఘానికి నాయకుడయ్యాడు, పూర్తి స్వాతంత్ర్యం కోరే రిపబ్లికన్ పార్టీని నడిపించాడు, 1970లలో తండ్రిలాగే డెన్మార్క్ పార్లమెంటులో కూర్చున్నాడు. నాన్న భూస్వాముల వైపు నిలబడితే కొడుకు పడవల మీద పనిచేసేవాళ్ల వైపు నిలబడ్డాడు. ఆ ఇంట్లో భోజనాల దగ్గర ఏం మాట్లాడుకునేవాళ్లో అనిపిస్తుంది నాకు.

నువ్వేమంటావు, 1948 రాజీకి పెద్దాయన ఒప్పుకునేవాడా? నేనైతే ఒప్పుకునేవాడనే అంటాను. 1906లో తెచ్చింది కూడా పూర్తి స్వాతంత్ర్యం కాదు కదా, వాళ్ల లెక్కలు వాళ్లే చూసుకునే హక్కే. నీకు వేరేలా అనిపిస్తే రాయి, ఫోన్‌లో వద్దు, ఉత్తరమే రాయి. అమ్మగారికి నమస్కారాలు చెప్పు, ఆవిడ మోకాళ్ల నొప్పి ఎలా ఉందో కూడా రాయి.

నీ
మూర్తి