బాల్కన్ బస్సెక్కే ముందు వీసాలో ఎంట్రీలు చూసుకోండి

సంపాదకులకు,

జర్మనీలో చదువుకునే మన పిల్లలైనా, ఇక్కడ సెలవు పెట్టి వెళ్లే ఉద్యోగులైనా నలుగురైదుగురు మిత్రులు కలిసి ఆగ్నేయ యూరప్‌లోని బాల్కన్ దేశాల్లో క్రొయేషియా నుంచి గ్రీసు దాకా బస్సుల్లో, రైళ్లలో తిరిగి రావచ్చు. పశ్చిమ యూరప్ కన్నా ఖర్చు తక్కువ, చూసేది ఎక్కువ. కానీ ‘షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) ఉంటే చాలు, బాల్కన్ అంతా మీదే’ అన్న మాట నమ్మి బయల్దేరితే సరిహద్దులో దిగబడిపోతారు.

క్రొయేషియా 2023 జనవరి 1న షెంగెన్‌లో చేరింది. బోస్నియా, సెర్బియా, మోంటెనీగ్రో, అల్బేనియా, కొసోవో, ఉత్తర మాసిడోనియా అందులో లేవు. క్రొయేషియాలోని స్ప్లిట్‌లో బస్సెక్కి బోస్నియాలోని మొస్తార్‌లో దిగారంటే షెంగెన్ దాటినట్టే. ఒక్కసారే లోపలికి రానిచ్చే సింగిల్ ఎంట్రీ వీసా అక్కడితో సరి, మళ్లీ షెంగెన్ దేశమైన గ్రీసులోకి రానివ్వరు. అసలు మన పాస్‌పోర్టుకు బోస్నియా అడిగేదే పలుమార్లు రానిచ్చే మల్టిపుల్ ఎంట్రీ షెంగెన్ వీసా. అల్బేనియా అయితే ఆ వీసాను అంతకుముందు ఒకసారైనా వాడి ఉండాలంటుంది. స్ప్లిట్ నుంచి క్రొయేషియాలోనే ఉన్న డుబ్రోవ్నిక్ వెళ్లే దారిలోనూ ఇదే చిక్కు. మధ్యలో నెయుమ్ దగ్గర దాదాపు 20 కిలోమీటర్ల తీరం బోస్నియాది. 2022 జులైలో తెరిచిన పెల్యెశాట్స్ వంతెన మీదుగా పోతే ఆ దేశంలో అడుగుపెట్టక్కర్లేదు. టికెట్ కొనేటప్పుడే బస్సు వంతెన మీదుగా పోతుందా అని అడగాలి.

భారతీయులకు సెర్బియా ఇచ్చిన వీసా మినహాయింపు 2023 జనవరి 1తో రద్దయింది. ఇంటర్నెట్‌లో పాత రాతలు ఇంకా ‘వీసా అక్కర్లేదు’ అనే చెబుతున్నాయి. చెల్లుబాటులో ఉన్న షెంగెన్, బ్రిటన్ లేదా అమెరికా వీసా ఉంటేనే నేరుగా ప్రవేశం. బృందంలో ఒకరిది రెసిడెన్స్ పర్మిట్, ఇంకొకరిది టూరిస్టు వీసా అయితే ఎవరి నిబంధనలు వారివే. ఒకరికి కుదిరిందని అందరికీ కుదరదు.

అన్నిటికన్నా ముఖ్యం కొసోవో. 2008లో అది ప్రకటించుకున్న స్వాతంత్ర్యాన్ని సెర్బియా ఒప్పుకోలేదు, అది తన భూభాగమే అంటుంది. అల్బేనియా వైపు నుంచి కొసోవోలోకి వెళ్లి, అటు నుంచటే సెర్బియాకు పోతే, మీరు తమ దేశంలోకి సక్రమంగా రాలేదని వెనక్కి పంపేస్తారు. అందుకే సెర్బియా ముందు, కొసోవో తర్వాత. క్రొయేషియాలో జాగ్రెబ్, స్ప్లిట్, బోస్నియాలో మొస్తార్, సారాయెవో, సెర్బియాలో బెల్‌గ్రేడ్, మోంటెనీగ్రోలో బార్, అల్బేనియాలో ష్కోదర్, టిరానా, కొసోవోలో ప్రిష్టినా, ఉత్తర మాసిడోనియాలో స్కోప్యే, గ్రీసులో థెస్సలోనికి: ఈ వరసలో వెళితే ఏ గేటు దగ్గరా పేచీ రాదు. కొసోవోను భారత్ కూడా గుర్తించలేదు, అక్కడ మన రాయబార కార్యాలయం లేదు. పాస్‌పోర్టు అక్కడ పోగొట్టుకుంటే చాలా కష్టం.

సారాయెవోలో బస్టాండ్లు రెండు. బెల్‌గ్రేడ్ బస్సులు ఎక్కువగా రైల్వేస్టేషన్ పక్కనున్న పెద్ద బస్టాండు నుంచి కాక, ఊరికి దూరంగా తూర్పు సారాయెవోలో ఉన్న దాని నుంచి బయల్దేరతాయి. చాలామంది బస్సు తప్పేది ఇక్కడే. డిక్కీలో బ్యాగుకు ఒకటి, రెండు యూరోల విలువ చేసే స్థానిక చిల్లర అడుగుతారు, కార్డు పనికిరాదు. బోస్నియా డబ్బు అయిన మార్కులు ఆ దేశం దాటితే మార్చడం కష్టం, అక్కడే ఖర్చుపెట్టేయాలి. బెల్‌గ్రేడ్–బార్ రైలు 476 కిలోమీటర్లు, 254 సొరంగాలు. కొండల అందం చూడాలంటే పగటి రైలే ఎక్కాలి. ఆలస్యం మామూలే కాబట్టి ఆ రోజు ఇంకో ప్రయాణం పెట్టుకోవద్దు. సెర్బియాలో 24 గంటల్లో బస వివరాలు పోలీసులకు చేరాలి. హోటలైతే వాళ్లే చూసుకుంటారు, ఎవరింట్లోనైనా దిగితే ఆ నమోదు చీటీ అడిగి తీసుకోవాలి. బోస్నియా కొండల్లో యుద్ధకాలపు మందుపాతరలు ఇంకా ఉన్నాయి. పుర్రె బొమ్మ ఉన్న ఎర్ర బోర్డు కనిపించినా, కనిపించకపోయినా గుర్తు పెట్టిన బాట వదలొద్దు.

వీసా కోసం తీసుకునే 30,000 యూరోల బీమా షెంగెన్ దేశాలకే పరిమితం కావచ్చు. పాలసీలో మిగతా ఆరు దేశాల పేర్లూ ఉన్నాయో లేదో చదవాలి.

మీ పర్యాటక పేజీలో ఈ దేశాల గురించి వేసేటప్పుడు ఎన్ని ఎంట్రీల వీసా కావాలో, ఏ దేశం తర్వాత ఏదో, ఆ నిబంధనలను ఏ తేదీన సరిచూశారో ఫొటోల పక్కనే ఒక చిన్న పెట్టెలో ముద్రించాలని కోరుతున్నాను.

– ఓ పాఠకుడు, హనుమకొండ